జబ్బు తగ్గినచో కుక్కను వాపసు చేయవలెను

నగర ఆరోగ్య శాఖ కుక్కను మందుల జాబితాలో చేర్చిన సంగతి అందరికీ తెలిసిందే. తెలియనివారు ఎవరైనా ఉంటే, వారింట్లో ఇంకా ఎవరూ ముసలివారు కాలేదని అర్థం.

ఈ నిర్ణయం తొందరపడి తీసుకున్నది కాదు. జంతువును పెంచుకునే వృద్ధుల్లో రక్తపోటు తగ్గుతుందనీ, నడక పెరుగుతుందనీ, దిగులు పలచబడుతుందనీ నిపుణులు చెప్పగా శాఖ సంచాలకులు విన్నారు. వినడం ఆయనకు కొత్త కాబట్టి ఆ మాటలు మనసులో బలంగా నాటుకున్నాయి. ఆ వారమే సభ పెట్టించి, "ఇంతకాలం మనం పెద్దలకు మాత్రలు ఇచ్చాం. మాత్ర తోక ఊపదు. ఈ లోపాన్ని స్వతంత్ర ఆలోచనతో గుర్తించిన మొదటి శాఖ మనదే" అని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. ముందు వరుసలో కునుకు తీస్తున్న ఒక పెద్దాయన ఆ చప్పుడుకు ఉలిక్కిపడి లేచి, తనూ నాలుగు చప్పట్లు కొట్టి, మళ్ళీ పడుకున్నాడు. దాన్ని పథకానికి లభించిన ప్రజామోదంగా నమోదు చేశారు.

మందుకు ఉండే మర్యాదలన్నీ జంతువులకూ వచ్చాయి. రక్తపోటుకు కుక్క, రెండు పూటలా, భోజనం తర్వాత. నిద్ర పట్టనివారికి గాజుతొట్టిలో చేపలు, పడుకునే ముందు. మతిమరపుకు చిలుక. మోకాళ్ళ నొప్పికి తాబేలు. దానితో నడిచే రోగి తాను వెనకబడ్డానని కుమిలిపోడు. పిల్లి ఏ జబ్బుకు పనికొస్తుందో చాలాకాలం తేలలేదు. చివరికి, పదవీ విరమణ చేసినా పదవి దిగని అధికారులకు ఇచ్చి చూస్తే గుణం కనిపించింది. పిల్లి వారి మాట వినదు. వినకపోయినా లోకం నడుస్తుందని వారికి క్రమంగా బోధపడుతుంది.

ప్రతి జంతువు మెడలోనూ వాడకం సూచనల చీటీ వేలాడేది. కాగితాలన్నీ మందుల కార్యాలయంలోనే అచ్చవుతాయి గనక పాత సూచనలే పడ్డాయి. "వాడే ముందు బాగా కుదపవలెను" అన్నదాన్ని అక్షరాలా పాటించిన ఒక విశ్రాంత లెక్కల మాస్టారు ప్రస్తుతం చేతికి కట్టుతో కోలుకుంటున్నారు. ఆయన కుక్క కూడా కోలుకుంటోంది.

ఇక మన రోగి సంగతి. ఆవిడ ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసింది. ఒకరి మాటను ఇంకొకరి చెవికి కలిపే పని. ఆ పని యంత్రాలు నేర్చుకున్నాక ఆవిడ ఇంటికి వచ్చేసింది, ఆపరేటరమ్మ అన్న పేరు మాత్రం వెంట వచ్చింది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. మూడో అంతస్తులో కొడుకు కోడళ్ళతో ఉంటుంది. వంటగదికీ బాల్కనీకీ మధ్య ఒక గది ఆవిడది. కొడుకు బీమా కంపెనీలో గుద్దుకున్న కార్లకు నష్టం అంచనా వేస్తాడు. సొట్ట చూసి విలువ చెప్పగలడు. కోడలు బ్యాంకు ఫిర్యాదుల విభాగంలో, ఇంట్లో కూర్చునే, చెవులకు తగిలించుకున్న ఫోనులో రోజంతా తిట్లు తింటుంది. ఎంత తిట్టినా గొంతు పెంచని ఉద్యోగినిగా బ్యాంకు ఆమెకు ఏటా ప్రశంసాపత్రం ఇస్తుంది.

ఆ ఇంట్లో గొడవలు ఉండేవి కావు. ఇరుగుపొరుగు తమ ఇళ్ళలో గిన్నెలు ఎగిరినప్పుడల్లా ఆ గుమ్మం వైపు వేలు చూపించి బుద్ధి చెప్పుకునేవారు. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. ఇక్కడ అత్త ఉండి కూడా కోడలు ఉత్తమురాలే, కోడలు ఉండి కూడా అత్త గుణవంతురాలే. గొడవ పడాలంటే ముందు మాటలుండాలన్న చిన్న విషయం ఎవరికీ తట్టలేదు. "భోజనం టేబుల్ మీద పెట్టాను అత్తయ్యా", "మాత్ర వేసుకున్నావా అమ్మా", "వేసుకున్నా నాన్నా" అన్న మూడు వాక్యాలతో ఆ సంసారం ఏళ్ళ తరబడి సజావుగా సాగింది.

అలాంటి ప్రశాంత వాతావరణంలో ఆపరేటరమ్మకు రక్తపోటు ఎందుకు పెరిగిందో వైద్యులకు అంతుపట్టలేదు. కుక్కను రాసిచ్చారు.

కుక్క గోధుమరంగుది, నడివయసుది. ఒక చెవి నిలబడేది, ఒక చెవి వాలేది. ఎవరు చెప్పినా సగమే నమ్ముతానన్నట్టు ఉండేది. దానికి శాఖవారి సంఖ్య ఉంది గాని పేరు లేదు. పేరు పెట్టకూడదని నిబంధన. మందుకు పేరు పెట్టుకున్న రోగి దానికి అలవాటు పడతాడట. ఆపరేటరమ్మ మొదటి సాయంత్రమే దానికి హలో అని పేరు పెట్టింది. ఉద్యోగమంతా ఆ మాటతోనే గడిచింది. అవతల ఎవరో ఉన్నారని ఆవిడకు భరోసా ఇచ్చిన మాట అదొక్కటే.

దీనివల్ల ఒక చిక్కు వచ్చింది. ఇంట్లో ఎవరు ఫోనెత్తి హలో అన్నా కుక్క పరిగెత్తుకొచ్చి ఎదురుగా నిలబడేది. కోడలి ఉద్యోగంలో ఆ మాట రోజూ ఎన్నిసార్లు అనాలో చెప్పనక్కర్లేదు. పాపం అది ప్రతిసారీ వచ్చేది, ప్రతిసారీ తనను కాదని తెలుసుకుని వెళ్ళిపోయేది, మళ్ళీ పిలవగానే పాత అనుభవం మరిచిపోయి మళ్ళీ వచ్చేది. మధ్యలో ఒకటి రెండు మొరుగులు ఫోనులో పడ్డాయి. ఫిర్యాదుదారులు కుక్క ఉందని తెలిశాక గొంతు తగ్గించి మాట్లాడటం బ్యాంకు గమనించి, కోడలికి మరో ప్రశంసాపత్రం ఇచ్చింది.

పూటపూటా నడక మొదలైంది. వీధిలో జనం ఆగి పలకరించేవారు, కుక్కను. ఎంత ముద్దుగా ఉన్నావు అనేవారు. వయసెంత, ఏం తింటుంది, ఇంట్లో అందరికీ మాలిమేనా అని అడిగేవారు. గొలుసు పట్టుకున్న చేతిపైన ఒక మొహం కూడా ఉంటుందని ఎవరూ తల ఎత్తి చూడలేదు, ఆవిడా పట్టించుకోలేదు. ఓపిగ్గా జవాబులు చెప్పేది. చెబుతూ చెబుతూ, "మధ్యాహ్నం పూట ఒంటరిగా ఉంటే దిగులు పడుతుంది" అనేది. విన్నవాళ్ళు అయ్యో అని కుక్క తల నిమిరేవారు. అయినా ఆ నిమరడంలో కొంత ఆవిడకూ అందేది.

నెల తిరిగేసరికి కొలతల నర్సు వచ్చింది. చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, అంకె చూసి ముచ్చటపడింది.

"భలే దిగిందమ్మా. వచ్చే రెండు నెలలు కూడా ఇలాగే ఉంటే కోర్సు పూర్తయినట్టే. కుక్కను తీసుకెళ్ళిపోతాం."

"ఎక్కడికి?"

"ఇంకొకరికి. వరుసలో బోలెడుమంది ఉన్నారు."

"ఇది ఉండబట్టే కదమ్మా తగ్గింది?"

"మరి. మందు పనిచేసింది. జబ్బు తగ్గాక ఇంకా మందెందుకు చెప్పండి?"

ఆపరేటరమ్మ కుక్కను దగ్గరికి లాక్కుంది. "తగ్గకపోతే?"

"తగ్గకపోతే ఉంచుతారు. అవసరమైతే మోతాదు పెంచి ఇంకోటి కూడా ఇస్తారు" అని నర్సు ధైర్యం చెప్పి వెళ్ళింది.

ఆ రోజు మొదలు ఆపరేటరమ్మకు ఆరోగ్యమంటే భయం పట్టుకుంది. అద్దంలో మొహం తేటగా కనిపిస్తే గుండె గుభేలుమనేది. డబ్బాలోంచి ఉప్పు గుప్పిట్లో పోసుకుని బొక్కింది. మెట్లు ఎక్కి దిగింది. కుక్క సరదాగా ఆవిడ వెంట ఎక్కి దిగింది. నలుగురు పెద్దమనుషులు ఒకేసారి అరుచుకునే టీవీ కార్యక్రమం ముందు కూర్చుంది. నాలుగు లైన్లు ఒకేసారి వినడం వృత్తిరీత్యా అలవాటు కావడంతో హాయిగా నిద్రపట్టింది. ఇలా కాదని, గదిలో కూర్చుని, జీవితంలో తనకు జరిగిన అవమానాలను ఒక్కొక్కటే పిలిచింది. సూపర్‌వైజరు అన్న మాట, ఆడపడుచు అనకుండా చూసిన చూపు, అన్నీ వచ్చాయి. కానీ అవమానం కత్తిలాంటిది, వాడకపోతే తుప్పు పడుతుంది. దేనికీ పదును లేదు. పైగా ఆ సమయానికి హలో వచ్చి పాదం మీద తల పెట్టుకుని పడుకుంది. పొద్దుట్నుంచీ కూడబెట్టిన రక్తపోటంతా కాలిగుండా జారిపోయింది.

పోనీ అని కుక్కను బయట పెట్టి తలుపు వేసింది. అది తలుపవతల కూర్చుంది. తోక నేలకు తగిలే చప్పుడు వినిపిస్తూనే ఉంది. తన కోసం ఒక ప్రాణి గుమ్మంలో కాచుక్కూర్చుందన్న ఆలోచన దగ్గరుండి నిమరడం కన్నా బలమైన మందని ఆవిడకు అప్పుడే తెలిసింది. రెండో నెల అంకె మొదటిదాని కన్నా కిందకు దిగింది.

మూడో కొలతకు ముందు రోజు కొడుకూ కోడలూ హాల్లో సమావేశమయ్యారు. తల్లి దిగులు వాళ్ళను కదిలించలేదనడం అన్యాయం. అంతకన్నా కదిలించిన విషయం ఇంకొకటి ఉంది. కుక్క రాకముందు ఆవిడ సాయంత్రాలు హాల్లోకి వచ్చి కుర్చీలో కూర్చునేది. ఏమీ అనేది కాదు, ఊరికే చూసేది. ఆ చూపు పడితే చేతిలో ఫోను బరువెక్కేది. కుక్క వచ్చాక ఆ చూపు దాని మీదికి మళ్ళింది. ఇప్పుడు కుక్క పోతే చూపు తిరిగి హాల్లోకి వస్తుంది. నష్టాల అంచనాలో ఆరితేరిన కొడుక్కి ఈ సొట్ట ఎంత లోతుదో వెంటనే అర్థమైంది.

"అమ్మకు కోపం తెప్పించాలి. నువ్వే చెయ్యాలి" అన్నాడు.

"నాకు కోప్పడటం రాదండీ."

"రోజంతా తిట్లు వింటావుగా. అందులోంచి నాలుగు ఏరుకో."

వాళ్ళు ఇంకా తేల్చుకోకముందే ఆపరేటరమ్మ గదిలోంచి వచ్చి కోడలి ముందు నిలబడింది. "అమ్మాయ్, రేపు నర్సు వచ్చేలోపు నన్ను కాస్త తిట్టిపెట్టవూ?" అని అడిగింది. అత్తాకోడళ్ళ మీద ఎన్ని సామెతలున్నా ఈ పరిస్థితికి ఒక్కటీ లేదు.

మర్నాడు పొద్దున్నే కోడలు బ్యాంకుకు గంట సెలవు చెప్పింది. ప్రభావం చెడకుండా కుక్కను కొడుకు బాల్కనీలోకి తీసుకెళ్ళాడు. అత్తాకోడళ్ళు భోజనాల బల్లకు చెరోవైపు కూర్చున్నారు.

"మీ వల్ల మాకు కలుగుతున్న అసౌకర్యానికి చింతిస్తున్నాం అత్తయ్యా" అంది కోడలు.

"ఇది తిట్టా?"

"ఇప్పుడే కదా మొదలుపెట్టింది."

"కాస్త కారం వెయ్యి."

కోడలు గాలి పీల్చుకుంది. "మీరు గీజరు ఆపరు."

"ఆపుతాను."

"ఆపరు. రోజూ నేనే ఆపుతాను."

"మరి చెప్పవేం?"

"ఎవరికి చెప్పను? మీరు నాతో మాట్లాడితేగా. కొత్తలో వండిపెట్టి మీ ఎదురుగా కూర్చునేదాన్ని, బాగుందంటారా బాలేదంటారా అని. తిని, చెయ్యి కడుక్కుని గదిలోకి పోయేవారు. ఉప్పు చాల్లేదని ఒక్కసారి అంటే మీ సొమ్మేం పోయేది? ఇన్నేళ్ళుగా ఈ కొంపలో ఉప్పు సరిపోతోందో లేదో తెలీకుండా వండుతున్నాను నేను."

"సరిపోలేదు" అంది ఆపరేటరమ్మ. "ఒక్కరోజూ సరిపోలేదు."

"ఇప్పుడా చెప్పేది?"

"అంటే బాధపడతావని ఊరుకున్నా."

"అనకపోతే బాధపడలేదనుకున్నారా?"

"నువ్వు మాత్రం తక్కువా? నా గదికొస్తే గుమ్మంలోనే నిలబడి మాట్లాడతావు. లోపలికొచ్చి మంచం మీద ఒక్కసారి కూర్చున్నావా? నాకేమన్నా అంటురోగమా?"

"రమ్మంటే కదా వచ్చేది."

"నీ ఇంట్లో నిన్ను నేను రమ్మనేదేమిటే?"

ఏమిటే అన్న పిలుపు ఆ ఇంట్లో అదే మొదటిసారి. దాంతో ఇద్దరూ ఇంకా జోరందుకున్నారు. గీజరు అయ్యాక నీలం దుప్పటి వచ్చింది. దుప్పటి అయ్యాక పెళ్ళి ఫొటోలో ఎవరు ఎవర్ని పక్కకు తోశారన్నది వచ్చింది. ఆపరేటరమ్మ బల్ల మీద చరిచింది. కోడలు కళ్ళ నీళ్ళు తుడుచుకుని మరీ అరిచింది. పై అంతస్తువాళ్ళు ఆదర్శం కూలిపోతోందని మెట్ల మీద గుమిగూడారు. బాల్కనీలో కొడుకు, పోవలసిన ఆరోగ్యం చక్కగా పోతోందని సంతృప్తిగా కుక్క వీపు తట్టాడు.

అప్పుడే నర్సు వచ్చింది. ఆయాసపడుతున్న ఆపరేటరమ్మ చేతికి పట్టీ చుట్టి, అంకె చూసి, నమ్మకం కలగక మళ్ళీ కొలిచింది. తన ఉద్యోగంలో ఇంత చక్కని రక్తపోటు చూడలేదని చెప్పింది. పాతికేళ్ళ పిల్లకు కూడా ఇలా ఉండదంది.

ఇదెలా జరిగిందని శాఖవారు తమ మానసిక నిపుణుణ్ణి అడిగారు. ఒకరు మన మీద కోప్పడాలంటే ముందు మనం వాళ్ళకు కనబడాలనీ, ఆవిడ ఆ రోజు చాలాకాలం తర్వాత కనబడిందనీ ఆయన రాసిచ్చాడు. విషయం ఆరోగ్యానికి సంబంధించినది కాదని శాఖ ఆ నివేదికను పక్కన పెట్టింది.

కోర్సు పూర్తయిన రోగుల అభినందన సభలో సంచాలకులు ఆపరేటరమ్మ చేతిలో పూలగుత్తి పెట్టి సభవైపు తిరిగారు. "ఈ అమ్మను చూడండి. ఈమెకు ఇక కుక్క అవసరం లేదు, మాత్ర అవసరం లేదు, మన అవసరం లేదు. ఏ వృద్ధులకూ ఎవరి అవసరమూ లేని నగరాన్ని నిర్మించడమే మా శాఖ ధ్యేయం." చప్పట్లు చాలాసేపు మోగాయి. ఆ చప్పట్లలోనే కుక్కను పక్క ద్వారంగుండా వ్యానెక్కించారు.

వారం తర్వాత ఒక సాయంత్రం ఆపరేటరమ్మ భోజనం దగ్గర చెయ్యి ఆపి, "ఇవాళ ఉప్పు ఎక్కువైందే" అంది. అని, ఆశగా ఎదురుచూసింది.

కోడలు ఫోనులోంచి తలెత్తింది. "ఇప్పుడెందుకత్తయ్యా? కొలతలేం లేవుగా" అంది. అందులో విసుగు లేదు. తన వంతు సాయం తాను చేశాననీ, అవసరం తీరాక కూడా పెద్దావిడను తిట్టడం బాగుండదనీ ఆమె నిజంగానే అనుకుంది.

నెలలోపే రక్తపోటు పాత అంకెను దాటిపోయింది. ఆవిడకు మళ్ళీ కుక్క రాసిచ్చారు గాని నిల్వ లేదు.

ఆవిడ కుక్క కోసం కాచుకున్న నెలల్లో హలో ఇంకో ఇంటికి వెళ్ళి అక్కడి పెద్దాయనకు నయం చేసింది. అక్కణ్ణుంచి ఇంకో ఇంటికి. పనితీరు ఎంత బాగుంటే అంత త్వరగా బదిలీ. ఎక్కడున్నా, పక్కింట్లో ఎవరైనా ఫోనెత్తితే చాలు, లేచి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడేది. కొన్నాళ్ళకు తిండి మానేసింది. తర్వాత తలుపు దగ్గరికి వెళ్ళడం కూడా మానేసి గోడవైపు తిరిగి పడుకుంది. పశువైద్యుడు వచ్చి చూసి దిగులన్నాడు, రక్తపోటు కూడా ఉందన్నాడు.

రోగి దిగులు పడితే వ్యక్తిగత విషయం. మందు దిగులు పడితే ప్రభుత్వ ఆస్తికి నష్టం. శాఖ రాత్రికి రాత్రే కదిలింది. "మందు ఆరోగ్యమే మన మహాభాగ్యం" అని సంచాలకులు సందేశమిచ్చారు. దిగులుపడ్డ కుక్కకు వృద్ధ మనిషిని, రెండు పూటలా, నయమయ్యేవరకు ఇవ్వవలెనని పశువైద్యుడు రాశాడు. గతంలో ఎవరి మాటకు తోక ఊపిందో విచారిస్తే ఆపరేటరమ్మ తేలింది. ఆవిణ్ణి మందుల జాబితాలో చేర్చారు.

అధికారి ఇంటికి వచ్చి వివరించాడు. పెద్దావిడ జంతు సంరక్షణ కేంద్రంలో ఉంటుంది. గది, భోజనం శాఖదే. కుక్కకు నయం కాగానే ఇంటికి తిరిగి చేరుస్తారు.

"నయం కావడానికి ఎంతకాలం పట్టొచ్చు?" అని కొడుకు అడిగాడు.

"చెప్పలేమండీ. బాగా ముదిరింది."

"పాపం" అన్నాడు కొడుకు, తల్లి సంచి సర్దుతూ.

కేంద్రం గేటు దగ్గర కారు దిగాక కోడలు సంచి తెరిచి చూసింది. "స్వెట్టరేదీ? సంచిలో వేసుకోండని బల్ల మీద పెట్టి మరీ చెప్పానా అత్తయ్యా? మీకెప్పుడూ ఇంతే, ఒక్కటీ చెవినెక్కదు. చలిలో ఏం చేస్తారు, కుక్కను కప్పుకుంటారా?" అంది. గొంతు పెరిగింది. ఎవరూ అడగకుండా, ఏ కొలతా లేకుండా, ఆమె కోప్పడటం అదే మొదలు. ఆపరేటరమ్మ మొహం వెలిగింది. జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. కొడుకు హారన్ కొట్టాడు. అక్కడ ఎక్కువసేపు కారు ఆపకూడదట.

లోపల ఆవిడ హలో అనగానే గోడవైపు తిరిగి పడుకున్న కుక్క ముందు ఒక చెవి లేపింది, తర్వాత తానే లేచింది. ఇద్దరూ కులాసాగా ఉన్నారని సమాచారం. పశువైద్యుడు వచ్చే రోజు పొద్దున మాత్రం ఆవిడ కుక్కతో ఒక్క మాటా మాట్లాడదు. అది గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఇంకా తగ్గలేదని రాసుకుని ఆయన వెళ్ళిపోతాడు. ఒకే కప్పు కింద ఉండి మాట్లాడకుండా గడపడం ఎలాగో ఆవిడ ఎక్కడా కొత్తగా నేర్చుకోవలసిన అవసరం రాలేదు.

ఈ వార్త పత్రికల్లో పడిన మర్నాడే శాఖ కార్యాలయం ముందు జనం బారులు తీరారు. ప్రతి కుటుంబం తమ పెద్దవారిని శుభ్రంగా తల దువ్వి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. మా నాన్న చాలా నెమ్మదస్తుడు, ఏ కుక్కకైనా సరిపోతాడని ఒకరు, మా అత్తగారు రోజంతా కూర్చోబెట్టినా విసుక్కోరని ఇంకొకరు హామీ ఇస్తున్నారు. నగరంలో అంతమంది వృద్ధులున్నట్టు అప్పటిదాకా ఎవరికీ తెలియదు. దిగులుపడ్డ కుక్కలే చాలినన్ని లేవు. సంచాలకులు మెట్ల మీద నిలబడి, కంగారు పడవద్దనీ, ఆరోగ్యంగా ఉన్న కుక్కలను కూడా త్వరలోనే దిగులుపెట్టే ఏర్పాటు చేస్తామనీ హామీ ఇచ్చారు.

వరుస ఇప్పటికీ అలాగే ఉంది. మీరు కూడా అందులోనే ఉన్నట్టున్నారు. తోసుకోకండి. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినవారు ఎడమ వైపు, తీసుకురాబడ్డవారు కుడి వైపు నిలబడాలి. వరుస కొంచెం ముందుకు జరిగేసరికి ఎడమ వైపువారు జుట్టు నెరిసి కుడి వైపుకు మారుతున్నారన్న ఫిర్యాదును శాఖ పరిశీలిస్తోంది.